హమ్మింగ్, నార్మల్

"హమ్" అనే ఇంగ్లీషు మాటకి అర్థం ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. అడిగినవాళ్ళ మీద కాదు, ఆ మాట మీద. ఇంగ్లీషులో మూడే అక్షరాలు. నోరు మూసుకుని ముక్కుతో అనేస్తే అయిపోతుంది. ఆ మూడక్షరాల మూలంగా ఒక మనిషి పదకొండేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరయ్యే దాకా వచ్చింది. ఆ మాటని అతని నెత్తిన రుద్దింది నేనే కాబట్టి ఆ కథ చెప్పాల్సిన బాధ్యత కూడా నాదే.

మొన్నామధ్య కొత్తగా వాటర్ వర్క్స్‌లో చేరిన కుర్ర ఇంజనీరు ఒకాయన కనిపించి, "ఇప్పుడు పంపులకి సెన్సార్లు పెట్టాం సార్. శబ్దంలో తేడా వస్తే ఫోనుకి మెసేజీ వచ్చేస్తుంది" అన్నాడు. సంతోషం. మెసేజీ వచ్చాక ఏం చేస్తారయ్యా అని అడిగితే, "చూస్తాం సార్" అన్నాడు. ఆ "చూస్తాం" విన్నాక ఇంటికొచ్చి కాగితం, కలం తీసుకున్నాను. మీ చేతిలో ఫోనుంది, మా చేతిలో లాగ్ బుక్కుండేది. చెప్పేది వినిపించుకోని ఇంజనీరుకి ఈ రెండింట్లో ఏదిచ్చినా ఒకటే.

తొంభైల నాటి మాట. పాలకొల్లుకి బస్సులో ముప్పావుగంట దూరంలో ఉన్న ఒక పట్టణంలో నేను అసిస్టెంట్ ఇంజనీరుని. ఊరి బయట కాలవ గట్టు మీద మా పంపుహౌసు. కాలవ నీళ్ళు తోడి పక్కనున్న మంచినీళ్ళ చెరువులో పోయడం దాని పని. ఆ చెరువు మాకు ఎంత ముఖ్యమో డెల్టాలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు, పై ఊళ్ళవాళ్ళ కోసం చెబుతున్నాను. ఏటా వేసవిలో మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు. మళ్ళీ వదిలే దాకా ఊరంతా తాగేది ఆ చెరువులో నింపుకున్న నీళ్ళే. చుట్టూ ఎటు చూసినా పచ్చగా, తడిగా ఉండే ఊళ్ళో, కాలవలు కట్టేలోపు చెరువు నిండకపోతే తాగడానికి చుక్క ఉండదు. బోరు వేస్తే ఉప్పు నీళ్ళు.

పంపుహౌసులో నలుగురు ఆపరేటర్లు షిఫ్టుల మీద పని చేసేవారు. గంట గంటకీ లాగ్ బుక్కులో వోల్టేజి ఎంత, ఆంప్స్ ఎంత, బేరింగు వేడెంత అని రాయాలి. ఆఖరి గడి శబ్దానిది. మోటారు ఎలా మోగుతోందో అందులో రాయాలి. మొదట్లో వాళ్ళు తెలుగులోనే రాసేవారు. నలుగురిలో పెద్దవాడు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద, సముద్రం దగ్గరి పల్లెకారుల కుటుంబంలో పుట్టినవాడు. పంపుహౌసుకి రాకముందు వేట పడవల మీద ఇంజన్ చూసుకునేవాడు. చదివింది అయిదో తరగతి. అతను రాసిన పేజీ ఒకటి నాకింకా గుర్తుంది. ఉదయం ఆరు, మామూలు రొద. ఏడు, మామూలే. ఎనిమిది, కుడిపక్క బేరింగు కీచుమంది, గ్రీజు పెట్టాను, ఊరుకుంది. తొమ్మిది, దాని పని అది చేసుకుంటోంది.

ఇంతకంటే మంచి లాగ్ బుక్కు నా ఉద్యోగంలో మళ్ళీ చూడలేదు. అది మంచి లాగ్ బుక్కని తెలుసుకునే తెలివి మాత్రం అప్పుడు నాకు లేదు.

మా పెద్ద ఇంజనీరు గారు తనిఖీకి వచ్చి ఆ పేజీ చదివారు. చదువుతున్న కొద్దీ ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఏంటయ్యా ఇది? లాగ్ బుక్కా, పిల్లకి ఒంట్లో బాగోకపోతే తల్లి చెప్పుకునే కబుర్లా? ఊరుకుందట! దాని పని అది చేసుకుంటోందట! పైవాళ్ళు వచ్చి చూస్తే నా పరువేం కాను? రేపటి నుంచి ఇందులో ఒక్క తెలుగు ముక్క కనపడ్డానికి వీల్లేదు."

ఆ పైవాళ్ళలో తెలుగు రానివాడు ఒక్కడు లేడు. ఒకాయనది తణుకు, ఒకాయనది కాకినాడ. అయినా నేను "అలాగే సార్" అన్నాను. ఆ మాట మాత్రం నాకు ఏ భాషలోనైనా బాగా వచ్చు.

ఇంటికెళ్ళి డిక్షనరీ ముందేసుకున్నాను. ఇంగ్లీషువాళ్ళకి కూడా మనకి కిచకిచ, గలగల ఉన్నట్టే చప్పుడులోంచి పుట్టిన మాటలు బోలెడున్నాయి. హిస్ అంటే బుస్సుమనడం. రాటిల్ అంటే గలగలా కొట్టుకోవడం. స్క్రీచ్ అంటే కీచుమనడం. థంప్ అంటే దబ్బుమనడం. వీటన్నిటికీ ముందు హమ్. అసలు మోటారు బాగున్నప్పుడు చేసే చప్పుడు అదే. డిక్షనరీ ప్రకారం తేనెటీగలు చేసేదీ హమ్మే. పెదవులు కలిపి మనం కూనిరాగం తీసేదీ హమ్మే. కరెంటు తీగలు గుయ్యిమనేదీ హమ్మే. జనంతో కిటకిటలాడే బజారు రొద కూడా హమ్మేనట. చదవగానే నాకు భలే ముచ్చటేసింది. ఇన్నిటికి సరిపోయే మాట దొరికింది కదా, ఇక మనకి గొడవ లేదనుకున్నాను. మాట అన్నిటికీ సరిపోతోందంటే అనుమానించాలని నాకు తోచలేదు.

మర్నాడు నలుగురినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాను. మాటలు, వాటి అర్థాలు ఒక కాగితం మీద రాసి గోడకి అంటించాను. పెద్ద ఆపరేటరు చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నాడు. విని అడిగాడు.

"హమ్ అంటే తేనెటీగల రొదన్నారు కదండి. ఊరికే పూల మీద తిరిగేటప్పుడాండి, పట్టు కదిపినప్పుడాండి?"

"రెండూనూ."

"రెండూ ఒకటెలా అవుతాయండి? ఒకటి దాని దోవన అది పోద్ది, రెండోది కుడద్ది కదండి."

"డిక్షనరీలో రెండిటికీ ఒకటే మాట ఉందోయ్."

"ఆయ్. మరి మోటారు మామూలుగా ఉన్నా హమ్మే, కుట్టేలా ఉన్నా హమ్మేనాండి?"

మిగిలిన ముగ్గురూ నవ్వారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. పాఠం చెప్పేవాణ్ణి పట్టుకుని ప్రశ్నలడిగితే ఎవరికైనా చిర్రెత్తుకొస్తుంది, ముఖ్యంగా జవాబు తెలియనప్పుడు. "నీ తేనెటీగల గోల నాకొద్దు. మోటారు బాగుంటే హమ్ అని రాయి, బాగోకపోతే గోడ మీద చూసి రాయి" అని పాఠం ముగించేశాను.

తరవాత నెల రోజులు ఆ లాగ్ బుక్కు నన్ను పెట్టిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు. ఒకడు "మోటారు సాంగ్ హమ్మింగ్" అని రాశాడు, పాట కూడా పాడేస్తోందన్నమాట. ఇంకొకడికి హిస్ అన్న మాట నచ్చింది, చిన్నది కదా, షిఫ్టంతా వరసగా ఎనిమిది గడుల్లో హిస్, హిస్ అని నింపేశాడు. అది చూసి పెద్ద ఇంజనీరు గారు ఎక్కడో గాలి లీకవుతోందని కంగారుపడి, జీపేసుకుని వచ్చి పైపులన్నీ తడిమి చూశారు. ఆ చీవాట్లు నాకే పడ్డాయి. పెద్ద ఆపరేటరు మాత్రం ఏమీ రాయకుండా ఆ గడి ఖాళీగా వదిలేసేవాడు. ఏమిటిదంటే, "సరిపోయే మాట తెలవకుండా ఎలా రాసేదండి" అనేవాడు.

మా ఆఫీసులో హెడ్ గుమాస్తా ఒకాయన ఉండేవారు. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి, అన్నిటికీ ఏదో ఒక ఉపాయం ఆయన జేబులో ఉండేది. ఒకరోజు నా తల పట్టుకోవడం చూసి, "ఎందుకండీ ఏఈ గారూ ఈ అవస్థ? ఓ రబ్బరు స్టాంపు చేయించి పారెయ్యండి. గంటకోసారి కొడతారు, గోల వదిలిపోద్ది" అన్నారు.

ఎంత చక్కటి ఆలోచన! ఆ సాయంత్రమే పాలకొల్లు వెళ్ళి, స్టాంపుల షాపులో "హమ్మింగ్, నార్మల్" అని చేయించాను. షాపతను తెలివైనవాడు. "మిగతా రకాలక్కూడా చెయ్యమంటారాండి?" అని అడిగాడు. తేడా వస్తే చేత్తో రాసుకుంటార్లే, అదేమన్నా రోజూ వస్తుందా అన్నాను. ఊదా రంగు సిరా డబ్బా కూడా కొని తెచ్చి పంపుహౌసు బల్ల మీద పెట్టాను.

అక్కణ్ణించి మా లాగ్ బుక్కు అందమే అందం. ఆఖరి గడిలో పై నుంచి కింద దాకా ఊదా రంగు ముద్రలు. తనిఖీలో పెద్ద ఇంజనీరు గారు పేజీలు తిరగేసి, "చూశావా, ఇప్పుడు ఆఫీసు పుస్తకంలా ఉంది" అని మెచ్చుకున్నారు. రెండేళ్ళ పాటు మా మోటారు పగలూ రాత్రీ హమ్మింగే, నార్మలే. మధ్యలో గ్రీజు పెట్టారా, బెల్టు మార్చారా, ఎప్పుడు కీచుమంది, ఎప్పుడు ఊరుకుంది, ఏమీ తెలియదు. చెప్పడానికి ఆ నలుగురికీ గడిలో చోటూ లేదు, వినడానికి నాకు ఓపికా లేదు.

మూడో ఏడు వేసవి వచ్చింది. కాలవలు కట్టేస్తున్నట్టు నోటీసు వచ్చింది. పదిరోజులు గడువు. పంపులు రెండుండాలి కానీ, రెండోదాని మోటారు కాలిపోతే రీవైండింగుకి రాజమండ్రి పంపాం, రేపూ మాపూ అంటున్నారు. ఉన్న ఒక్క పంపూ ఇరవైనాలుగు గంటలూ తిప్పుతున్నాం. చెరువు సగానికి పైగా ఖాళీ. పెద్ద ఇంజనీరు గారు రోజుకి మూడుసార్లు ఫోను చేసి నీటి మట్టం ఎంత పెరిగిందని అడిగేవారు. అంగుళాల్లో చెప్పాలి.

దాంతో పాటు ఇంకొకటి కూడా జరుగుతోంది. రోజుకూలీ లెక్కన ఏళ్ళ తరబడి పనిచేస్తున్నవాళ్ళని పర్మినెంటు చెయ్యడానికి పేర్లు పంపమన్నారు. మా పెద్ద ఆపరేటరు పదకొండేళ్ళుగా రోజుకూలీయే. జాబితాలో అతనిదే మొదటి పేరు. ఈసారి తప్పితే మళ్ళీ ఎప్పుడు అడుగుతారో, అసలు అడుగుతారో లేదో కూడా తెలియదు. అప్పటికతనికి నలభై నాలుగేళ్ళు.

ఒక సోమవారం మధ్యాహ్నం, పొద్దుటి షిఫ్టు దిగి సైకిలు మీద సరాసరి మా ఆఫీసుకొచ్చాడు. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయి ఉంది.

"అయ్యగారూ, మోటారు గొంతు మారిందండి."

"ఆంప్స్ ఎంతున్నాయి?"

"మామూలేనండి."

"బేరింగు వేడి?"

"అదీ మామూలేనండి. వేడి తరవాతొస్తదండి. ముందు గొంతు మారద్ది."

"అయితే ఏమంటోంది?"

"లోపల్లోపల నముల్తన్నట్టుందండి. పళ్ళలో ఇసక పడితే ఎలాగుంటదండి, అలాగన్నమాట. ఓ పూట ఆపుదారండి, బేరింగు ఇప్పి చూసేత్తాను."

నా ముందు అంగుళాల కాగితం ఉంది. పూట ఆపితే మూడంగుళాలు పోతాయి. "ఇప్పుడు ఆపడమా? మతి ఉండే మాట్లాడుతున్నావా? కాలవ కట్టేస్తే అప్పుడు తీరిగ్గా విప్పుకుందువుగాని."

"అందాకా ఆగదేమోనండి."

"ఆంప్స్ బాగున్నాయి, వేడి బాగుంది అని నువ్వే అంటున్నావు. ఇంక దేన్ని చూసి ఆపమంటావోయ్?"

"ఇని ఆపమంటన్నానండి."

ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నాకు నా మీద అసహ్యం వేస్తుంది. ఆ రోజు మాత్రం కోపం వచ్చింది. అతను వెళ్ళబోతూ, "మరి బుక్కులో ఏం రాయమంటారండి?" అని అడిగాడు.

"గోడ మీద లిస్టులో ఉంటే రాయి. లేకపోతే ముద్ర కొట్టు. నా ప్రాణం తియ్యకు" అన్నాను. పక్క బల్ల దగ్గర హెడ్ గుమాస్తా గారు తలెత్తి చూసి మళ్ళీ దించేసుకున్నారు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి గోడ మీద కాగితం చూసి ఆ మాటలన్నీ తన చేత్తో ఒక సిగరెట్టు పెట్టె అట్ట మీద ఎక్కించుకుని తెచ్చాడు. "డ్యూటీ కాకపోయినా రాత్రంతా అక్కడే కూకుని ఇన్నానండి. హిస్ కాదండి, బుస్సు లేదు. స్క్రీచూ కాదండి. రాటిల్ అందామంటే గలగల లేదండి. మీ దాంట్లో నమిలే మాట లేదండి."

"నమలడానికి అదేమన్నా గేదా?" అని అరిచాను. ఆఫీసులో అందరూ నవ్వారు. అతను అట్టముక్క జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

బుధవారం పొద్దున్న పదింటికి పంపుహౌసు నుంచి కబురొచ్చింది. స్కూటరేసుకుని వెళ్ళేసరికి గట్టు మీదే నాకు తెలిసిపోయింది, పంపుహౌసులోంచి చప్పుడు లేదు. బేరింగు పట్టేసింది. షాఫ్టు వంగిపోయింది. మోటారు కాలిన కంపు కొడుతోంది. పెద్ద ఆపరేటరే డ్యూటీలో ఉన్నాడు. స్విచ్చి కట్టేసి, కాలుతున్న మోటారు మీద గోనె పట్టాలు కప్పుతూ కుడి అరచెయ్యి కాల్చుకున్నాడు. తడిగుడ్డ చుట్టుకుని మెట్టు మీద కూర్చున్నవాడల్లా నన్ను చూసి లేచాడు. అప్పుడే నన్ను నాలుగు తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

గంటలో పెద్ద ఇంజనీరు గారొచ్చారు. ముందు మోటారు చూశారు, తరవాత లాగ్ బుక్కు తీశారు. ఆరింటికి హమ్మింగ్, నార్మల్. ఏడింటికి, ఎనిమిదింటికి అదే. తొమ్మిదింటికి కూడా హమ్మింగ్, నార్మల్. ప్రతి ముద్ర పక్కనా అతని సంతకం.

"పదింటికి పట్టేసిన బేరింగు తొమ్మిదింటికి నార్మలా? ఏమయ్యా, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నావా? అసలు చప్పుడు వినపడలేదా నీకు?"

"వినపడిందండి."

"ఎలా వినపడింది?"

అప్పుడతను చేసిన పని నేను చచ్చేదాకా మర్చిపోలేను. పెదవులు బిగించి, గొంతులోంచి ఆ చప్పుడు చేసి చూపించాడు. "సోమవారం ఇలాగుందండి" అని ఒకలా, "నిన్న ఇలాగండి" అని ఇంకొంచెం గరుకుగా, "ఇయ్యాల పొద్దున్న ఇలాగండి" అని ఇంకోలా. అచ్చం మోటారు పక్కన నిలబడ్డట్టే ఉంది. మూడోది వింటుంటే మా పళ్ళు జివ్వుమన్నాయి. పెద్ద ఇంజనీరు గారు కూడా చిన్నప్పుడు వర్క్‌షాపులో నూనె మరకలంటుకున్న మనిషే. ఆయన ముఖంలో కోపం పోయి, "బేరింగులో ఇనప గుళ్ళని పట్టి ఉంచే పట్టీ విరిగింది. సోమవారమే విరిగింది" అన్నారు తనలో తను అనుకుంటున్నట్టు. వెంటనే కోపం రెట్టింపై తిరిగొచ్చింది.

"ఇంత బాగా తెలిసినవాడివి, నార్మల్ అని ముద్రెందుకు కొట్టావు?"

అతను నా వంక చూడలేదు. "ముద్ర ఒకటేనండి ఉంది" అన్నాడు.

అక్కడ నేను నోరు విప్పాలి. సోమవారం వచ్చి చెప్పాడు సార్, మంగళవారం కూడా చెప్పాడు, నేనే వెళ్ళగొట్టాను, నేనే ముద్ర కొట్టమన్నాను అని చెప్పాలి. చాలా చిన్న మాటలు. నేను మాత్రం ఆంప్స్ మీటరు వైపు చూస్తూ నిలబడ్డాను. అది సున్నా మీద ఉంది. పెద్ద ఇంజనీరు గారు నా చేత అక్కడికక్కడే రాయించారు, ఆపరేటరు నిర్లక్ష్యం వల్ల పంపు పాడైందని, అతని పేరు పర్మినెంటు జాబితాలోంచి తీసెయ్యాలని. నేను రాసి సంతకం పెట్టాను.

ఆఫీసుకొచ్చాక హెడ్ గుమాస్తా గారు నా పక్కన కూర్చుని మెల్లగా, "మీరన్నది నోటిమాట కదండీ. కాయితం మీదేం లేదు. నేనూ ఏం వినలేదు" అన్నారు. ఆయన నా మంచికే అన్నారు. అబద్ధమెందుకు, ఆ క్షణంలో నా గుండె మీంచి బరువు దిగినట్టనిపించింది.

కాలవలు అన్నరోజుకే కట్టేశారు. రెండు రోజులు ఆగమని పెద్ద ఇంజనీరు గారు ఇరిగేషన్ వాళ్ళ చుట్టూ తిరిగినా లాభం లేకపోయింది. రాజమండ్రి మోటారు ఆ తరవాత నాలుగురోజులకి వచ్చింది. వచ్చి ఏం చేస్తుంది, కాలవలో బురద తోడుతుందా?

అసలు తంటా వారం తరవాత మొదలైంది. పంపు పాడవడం మీద పూర్తి రిపోర్టు రాసి పంపమన్నారు. ఇంగ్లీషులోనే అని వేరే చెప్పక్కర్లేదు. విరిగిన బేరింగు నా బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. అందులో ఒక గడి ఉంది, పాడవడానికి ముందు శబ్దం ఎలా ఉంది అని. హమ్మింగ్ అని రాయబోయాను. కలం కదల్లేదు. గుళ్ళ పట్టీ నాలుగు ముక్కలై, గుళ్ళన్నీ ఒరుసుకుని గాట్లు పడ్డాయి. అది ఒక్క గంటలో జరిగే పని కాదని ఇంజనీరింగు మొదటి ఏడు చదివే పిల్లాడైనా చెబుతాడు. హమ్ కాకపోతే మరేమిటని డిక్షనరీ తీశాను. రెండేళ్ళ క్రితం నేను తియ్యాల్సిన పేజీలన్నీ ఆ రోజు తీశాను. ఇసక నమిలినట్టుండే చప్పుడికి ఇంగ్లీషులో మాటలు లేకపోలేదు, ఒకటి కాదు నాలుగున్నాయి. వాటిని నేను లిస్టులో పెట్టనే లేదు. ఎందుకంటే మా మోటారు అలాంటి చప్పుడు చేస్తుందని నాకు తోచలేదు.

ఆ మాటల్లో ఏది రాసినా రెండో ప్రశ్న వస్తుంది. మూడు రోజులు ఆ చప్పుడు వస్తే నలుగురు ఆపరేటర్లూ చెవిటివాళ్ళా, లేక ఎవరికైనా చెప్పారా? చాలాసేపు కోపంతో గింజుకున్నాను. పెద్ద ఇంజనీరు గారి మీద, హెడ్ గుమాస్తా గారి మీద, పాలకొల్లు స్టాంపుల షాపు మీద కూడా. ఇంకెవరూ మిగలక చివరికి నా దగ్గరికొచ్చి ఆగాను. అప్పుడు రాశాను. సోమవారం ఫలానా టైముకి ఆపరేటరు స్వయంగా వచ్చి చెప్పాడు, ఇలాగుందన్నాడు, ఆపమన్నాడు, నేను ఒప్పుకోలేదు. మంగళవారం మళ్ళీ చెప్పాడు, నేను అరిచి పంపేశాను. ముద్ర నా ఆజ్ఞ ప్రకారం కొట్టాడు. నమలడం గురించి అతనన్న ముక్క మాత్రం ఆ ఇంగ్లీషు రిపోర్టు మధ్యలో తెలుగులోనే రాసిపెట్టాను.

పెద్ద ఇంజనీరు గారు రెండుసార్లు వెనక్కి పంపారు. మూడోసారి పిలిచి తలుపేసి, "నీ ప్రమోషన్ ఫైలు నా బల్ల మీదే ఉంది, తెలుసా?" అన్నారు.

"తెలుసండి."

"ఆ ముద్ర చూసి మెచ్చుకున్నది నేను. అది కూడా రాశావా?"

"లేదండి. అది మీరు రాసుకోవాలి."

ఆయన నన్ను తినేసేలా చూశారు. తరవాత సంతకం పెట్టి పైకి పంపారు. తన ముక్క రాయలేదు, కానీ ఆపరేటరు పేరు మళ్ళీ చేర్చమని కింద ఒక వాక్యం రాశారు. నాకు మెమో వచ్చింది, ప్రమోషన్ రెండేళ్ళు వెనక్కి పోయింది. పేరు అదనపు జాబితాలో వెళ్ళి, ఎన్నో ఆఫీసులు తిరిగి, మరుసటి ఏడు పర్మినెంటు ఆర్డరు వచ్చింది.

ఆర్డరు అందుకోడానికి అతన్ని నేనే పిలిపించాను. దాచుకోవడమెందుకు, ఆ పొద్దున్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. అతను ఏమంటాడో, నేను ఏమనాలో దారిలో అనుకుంటూ కూడా వెళ్ళాను. అతను కాగితం రెండు వైపులా తిప్పి చూసుకున్నాడు. అరచేతిలో కాలిన మచ్చ ఇంకా నల్లగానే ఉంది. పుస్తకంలో సంతకం పెట్టాడు.

"నా రిపోర్టు సంగతి విన్నావా?" అని అడిగాను. ఉండబట్టలేక.

"ఆయ్, హెడ్ గుమస్తా గారు చెప్పేరండి. మంచి పనేనండి." విసుగు దాచుకోకుండానే అన్నాడు. "కానండి, ఆ సోమారం ఓ పూట ఆపుంటే సరిపోయేది కదండి. నలభై రోజులు టేంకరు నీళ్ళు తాగేరండి జనం. మా ఇంటిదీ ఎండలో లైన్లోనే నిలబడిందండి. నేను పంపుహౌసు ఆపరేటర్ననీ, ఆవిడ నా భార్యనీ అక్కడందరికీ తెలుసండి. ఏమన్నారో రోజూ వచ్చి చెప్పేదండి."

నేను పక్కనున్న కుర్చీ లాగి కూర్చోమన్నాను. అతను మా ఆఫీసుకి వస్తున్న పన్నెండేళ్ళలో నేను అతన్ని కూర్చోమనడం అదే మొదటిసారి. అతను కుర్చీ వైపు చూశాడు, గోడ మీద గడియారం వైపు చూశాడు.

"షిఫ్టుకి టైమైందండి" అని వెళ్ళిపోయాడు.